గాజు బీరువాలో హోరక్ హెల్మెట్

ఎమెట్ సాబో తాను చేసిన హెల్మెట్‌ను కొన్నవాళ్ల చేతికిచ్చే ముందు దాన్ని తిరగేసి, లోపలి అస్తరు అంచు పైకెత్తి, అక్కడ తోలులోకి దిగేలా కొట్టిన ముద్ర చూపించేవాడు.

"చూసుకోండి. ఇది నకలు. చేసింది నేను. ఇదుగో సంవత్సరం. రేపు మీ మనవడు దీన్ని తాతల కాలంనాటిదని ఎవడికో అంటగట్టబోయాడనుకోండి, ఈ ముద్రే వాడి పరువు తీస్తుంది."

కొన్నవాళ్లు నవ్వేవాళ్లు. ఎమెట్ నవ్వేవాడు కాదు. ఒకసారి పిట్స్‌బర్గ్ నుంచి వచ్చిన పెద్దమనిషి ఒకాయన ముద్ర లేకుండా రెండు చేసిపెట్టమని అడిగితే, సగం కుట్టిన పని పక్కన పడేసి, ఆయన్ని మెట్ల దాకా సాగనంపి వచ్చాడు. "నా చేతుల్లోంచి దొంగసరుకు బయటికి పోదు ఒపల్" అన్నాడు నాతో. ఆ మాట నేను నమ్మాను. అన్నప్పుడు ఆయనా నమ్మాడు.

నేను ఆయన దగ్గర హెల్మెట్లకు లోపలి అస్తర్లు కుట్టేదాన్ని. ఇప్పటికీ కుడుతున్నాను. ఎమెట్ తాత హంగరీ నుంచి వచ్చి మూడో వీధిలో చెప్పుల కొట్టు పెట్టాడు. తండ్రి దాన్ని నడిపాడు. ఎమెట్ చేతికి వచ్చేసరికి మా ఊరు బ్రెన్నర్‌ఫెర్రీలో ఉక్కు మిల్లు మూతపడింది. మిల్లు బూట్లు లేకపోతే కుట్టడానికి ఇంకేముంది? ఒకరోజు క్లీవ్‌లాండ్ ఆసామి ఒకడు అట్టపెట్టెలో చిరిగిపోయిన తోలు హెల్మెట్ తెచ్చి, అచ్చం ఇలాంటిదే ఇంకొకటి చేయగలవా అని అడిగాడు. ఎమెట్ చేశాడు. ఆ తర్వాత ఆయన చేసిందల్లా అదే.

మా ఫుట్‌బాల్ అంటే కోలగా ఉండే బంతిని చంకన ఇరికించుకుని, అడ్డం వచ్చినవాణ్ణి గుద్దుకుంటూ పరుగెత్తే ఆట. ఇప్పటి పిల్లలవి గట్టి ప్లాస్టిక్ హెల్మెట్లు. తాతల కాలంలో తోలువి ఉండేవి. ఎనిమిది తోలు ముక్కలు నడినెత్తిన కలిపి కుట్టి, చెవుల మీదికి దొప్పలు దించి, గడ్డం కింద పట్టీ బిగించేవారు. అవి ఇప్పుడు దొరకవు. దొరికినా ముట్టుకుంటే పొడి రాలుతుంది. అందుకే ఆ కాలపు ఆటంటే పిచ్చి ఉన్నవాళ్లు ఎమెట్ నకళ్లు కొని గూట్లో పెట్టుకునేవాళ్లు.

మా ఊళ్లో అసలైనది ఒక్కటే ఉండేది. హైస్కూల్లోకి అడుగుపెట్టగానే ఎడమవైపు గాజు బీరువాలో, పై అరలో, లూడ్విక్ హోరక్ హెల్మెట్.

లూడ్విక్ 1938లో మా జట్టుకు కెప్టెన్. నదికి అవతలి ఊరివాళ్లతో చివరి ఆటలో మెడ కింది ఎముక విరిగినా బంతి వదలకుండా గీత దాటాడట. ఆ ఆట చూసినవాళ్లు ఒక్కొక్కరే పోయారు, కథ మాత్రం పోలేదు. స్కూలు అయిపోయాక వాడు మిల్లులో చేరాడు. ఇరవై ఒకటో ఏట కరిగిన ఉక్కు బాన ఒరిగిపోయింది. వాడు దాని కింద ఉన్నాడు. తల్లికి అప్పగించడానికి ఏమీ మిగల్లేదు. కొండ మీద శ్మశానంలో పేరు చెక్కిన రాయి ఉంది, రాయి కింద ఏమీ లేదు. ఇంట్లో ఆ హెల్మెట్ కళ్లబడితే తట్టుకోలేక ఆ తల్లే దాన్ని స్కూలుకు ఇచ్చేసింది.

లూడ్విక్‌కి ఒక చెల్లెలు, అల్బినా. అన్న కెప్టెన్‌గా ఉన్నప్పుడు ఆ పిల్లకు ఎనిమిదేళ్లు. పెళ్లి చేసుకోలేదు. స్కూలు వంటగదిలో నలభై ఏళ్లు పిల్లలకు వడ్డించింది. ఆవిడ చేతి క్యాబేజీ నూడుల్స్ తినకుండా మా ఊళ్లో ఎవరూ పెద్దవాళ్లు కాలేదు. అందరికీ ఆవిడ టెటా. స్లోవాక్ వాళ్ల భాషలో అత్త అన్నమాట. ఎమెట్ చిన్నప్పుడు తండ్రి తాగి పడుకున్న రోజుల్లో, వాడికి ఆకలి అని కనిపెట్టి, అడక్కుండానే రెండో గరిటె వేసేదట. "ఎవరికీ కనపడకుండా వేసేది ఒపల్. నాకు సిగ్గేస్తుందని" అని ఎమెట్ నాకు ఎన్నిసార్లు చెప్పాడో.

2010లో మా జట్టు పెట్టి నూరేళ్లయింది. పూర్వవిద్యార్థులందరూ కలిసి హోరక్ హెల్మెట్ నకళ్లు వంద చేయించాలనుకున్నారు. బీరువా తాళం డ్వైట్ ప్రోబ్‌స్ట్ దగ్గర ఉండేది. చరిత్ర పాఠం చెప్పేవాడు, ఏ వస్తువును ముట్టుకున్నా చేతులకు తెల్ల తొడుగులు వేసుకునే మనిషి. ఏప్రిల్‌లో హెల్మెట్‌ను టవల్‌లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు కొట్టుకు తెచ్చాడు.

"చూడు, కొలుచుకో, బొమ్మలు గీసుకో. అంతే ఎమెట్. నీళ్లు వద్దు, నూనె వద్దు, వేడి అసలే వద్దు. మూడు వారాల్లో ఇచ్చెయ్యాలి."

"నాకు తోలు గురించి నువ్వు చెప్తున్నావా?" అన్నాడు ఎమెట్.

"చెప్తున్నాను" అన్నాడు డ్వైట్.

తర్వాత జరిగింది నేను చూడలేదు. ఆ వారం మా అక్క దగ్గరికి వీలింగ్ వెళ్లాను. ఎమెట్ ఆరేళ్ల తర్వాత నాకు చెప్పినదాన్ని బట్టి రాస్తున్నాను.

కొలతలన్నీ రెండు రోజుల్లో అయిపోయాయి. అక్కడితో ఆగి ఉంటే సరిపోయేది. కానీ ఆ హెల్మెట్ లోపల, నడినెత్తి భాగంలో, అస్తరు కింద ఏవో అదనపు పట్టీలు ఉన్నట్టు వేలికి తగిలింది. ఫ్యాక్టరీవాళ్లు అలా కుట్టరు. తన తాత ఆ రోజుల్లో స్కూలు జట్టుకు హెల్మెట్లు బాగుచేసేవాడని ఎమెట్ విన్నాడు. ఆ పట్టీలు తాత కుట్టినవే అయ్యుండాలి. తాత చేతి కుట్టు ఆయన ఎన్నడూ చూడలేదు. కొట్టులో మిగిలిందల్లా తాత తోలుకు బెజ్జాలు వేయడానికి వాడిన ఆరె ఒక్కటే.

అస్తరు జిగురుతో అంటుకుని ఉంది. కెటిల్ పెట్టి కొంచెం ఆవిరి పట్టిస్తే జిగురు వదులుతుంది, చూసి మళ్లీ అంటించేయొచ్చు అనుకున్నాడు. కొత్త తోలుతో ఆ పని వందసార్లు చేశాడు.

డెబ్బై ఏళ్ల తోలు కొత్త తోలు కాదు. ఆవిరి తగిలిన నాలుగైదు క్షణాల్లో అది నిప్పు మీద అప్పడంలా ముడుచుకుపోయింది. ఆయన కంగారుగా లాగి, పాత ఆకారానికి తేవాలని కొయ్య అచ్చు మీదికి ఎక్కించి నొక్కాడు. అప్పుడు పగిలింది. ఎర్రటి పొడి బల్ల నిండా రాలింది. తాత కుట్టు కనిపించిందా అని నేను అడిగాను.

"నేను చూడలేదు ఒపల్. ఆ ముక్కల్ని మళ్లీ కన్నెత్తి చూడలేదు. డబ్బాలో వేసి మూత పెట్టేశాను."

ఫోన్ తీసి డ్వైట్‌కి చెప్పాలని మూడుసార్లు అనుకున్నాడట. మూడోసారి నంబరు కూడా నొక్కాడు. అవతల ఎత్తేలోపు పెట్టేశాడు. ఇంకా పదిహేడు రోజుల గడువు ఉంది. ఆయన చేతిలో అన్ని కొలతలూ ఉన్నాయి.

నేను వీలింగ్ నుంచి తిరిగొచ్చేసరికి ఎమెట్ బల్ల మీద పాత ఉన్ని గుడ్డ ముక్క పెట్టి ఉంది. "మొదటి నమూనాకి అస్తరు కుట్టు. పాత పద్ధతిలో, చేత్తోనే" అన్నాడు. మొహం వాచినట్టుంది. నిద్ర లేదేమో అనుకున్నాను. కుట్టి ఇచ్చాను. నాది ఎడమచేతి వాటం. కుట్టు ముగించేటప్పుడు దారాన్ని అందరిలా కుడివైపు కాక ఎడమవైపు తిప్పి రెండు ముళ్లు వేస్తాను. అలవాటు.

ఆ నమూనాను ఆయన టీ నీళ్లలో ముంచాడు, ఎండలో పెట్టాడు, ఉప్పునీళ్లు చిలకరించాడు, పాత సైకిల్ గొలుసు నల్లజిడ్డు పూశాడు, ఇటుకకేసి రుద్దాడు. నకళ్లను పాతవాటిలా కనిపించేలా చేయడం మా పనిలో మామూలే కాబట్టి నేనేమీ అనుకోలేదు. ముద్ర వేశాడో లేదో నేను చూడలేదు. గడువు రోజున డ్వైట్ వచ్చి హెల్మెట్‌ను టవల్‌లో చుట్టుకుని తీసుకుపోయాడు.

సెప్టెంబరులో శనివారం మధ్యాహ్నం నూరేళ్ల పండగ జరిగింది. జట్టు రంగులు కట్టుకుని ఊరంతా స్కూలుకు వచ్చింది. చర్చి ఆడవాళ్లు వరండాలో పిండిలో బంగాళదుంప కూరి మడిచిన పియరోగీలు వేయిస్తున్నారు. వంద నకళ్లూ అమ్ముడయ్యాయి. ఒక్కొక్కదాని లోపల ఎమెట్ ముద్ర ఉంది. తర్వాత డ్వైట్ బీరువా తెరిచి, తెల్ల తొడుగుల చేతులతో పై అరలోని హెల్మెట్ తీసి, అందరూ చూస్తుండగా అల్బినా టెటా ఒళ్లో పెట్టాడు. ఎనభై ఏళ్ల మనిషి. ఇన్నేళ్లలో ఎవరూ ఆవిడను దాన్ని ముట్టుకోనివ్వలేదు, ఆవిడా అడగలేదు.

టెటా దాన్ని రెండు చేతులతో పట్టుకుని మొహానికి ఆనించుకుంది. పియరోగీలు వేయించేవాళ్లు కూడా గరిటెలు ఆపేశారు.

"వాడి వాసన వస్తోంది" అంది, మొహం ఎత్తి. "మా అన్న చెమట వాసన. ఆట అయ్యాక ఇంటిదాకా దీన్ని మోసుకొచ్చేదాన్ని నేనే. ఇదే వాసన."

ఎంతోమంది ఏడ్చారు. నేను దగ్గరే నిలబడి ఉన్నాను. హెల్మెట్ వెల్లకిలా తిరిగినప్పుడు అస్తరు అంచున ఎడమవైపు తిరిగిన రెండు ముళ్లు కనిపించాయి.

నేను ఎమెట్ వైపు చూశాను. ఆయన నేల చూస్తున్నాడు. అప్పుడే ఆయన పేరు పిలిచారు. చెక్క పలక మీద ఇత్తడి రేకు, దాని మీద 'మన జ్ఞాపకాన్ని కాపాడిన చేతులకు' అని చెక్కించారు. ఆయన వెళ్లి తీసుకున్నాడు. చప్పట్లు కొట్టినవాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రోజే వెళ్లి అడగొచ్చు. మర్నాడు కొట్లో అడగొచ్చు. నేను అడగలేదు. ఏం చెబుతాడో నాకు తెలుసు, చెప్పాక నేనేం చేయాలో తెలియదు. నా ఉద్యోగం అదొక్కటే అని నాకు నేను చెప్పుకున్నాను. అది సగమే నిజం. ఎమెట్ అవమానపడటం నా కళ్లతో చూడలేననేది మిగతా సగం.

ఆ తర్వాత ఆరేళ్లు ఎమెట్ ఎలా బతికాడో చూసినదాన్ని నేనే. ఇత్తడి రేకు పలకను గోడకు కొట్టలేదు, చెత్తలోనూ వేయలేదు. బల్ల కింద, గోడవైపు తిప్పి పెట్టాడు. శుక్రవారం ఆటలకు వెళ్లడం మానేశాడు. మోకాళ్ల నొప్పి అన్నాడు. చర్చిలో పియరోగీల శుక్రవారాలకు వెళ్లడం మానేశాడు, ఎందుకంటే అక్కడ పిండి ఒత్తేది టెటా. ఆవిడ రోడ్డుకు ఈ పక్క వస్తుంటే ఆయన ఆ పక్కకు దాటేవాడు. మంగలి రాల్ఫ్ ఒకరోజు కొట్లోకి తొంగిచూసి వేళాకోళం చేశాడు: "ఏంటి సాబో దొరవారూ, బిరుదు ఇచ్చినప్పటి నుంచి మాలాంటివాళ్లు కంటికి ఆనట్లేదా?" ఎమెట్ నవ్వబోయాడు. ఆ నవ్వు రాలేదు.

హోరక్ హెల్మెట్ నకలు ఇంకొకటి కావాలని ఎవరు రాసినా, చేయనని జవాబు రాయించేవాడు. కారణం రాయనిచ్చేవాడు కాదు.

అన్నిటికన్నా కష్టం క్రిస్మస్. టెటా ప్రతి ఏడూ వాల్‌నట్ రొట్టె చుట్ట చేసి, నూనె కాగితంలో చుట్టి, తానే నడుచుకుంటూ తెచ్చి ఇచ్చేది. "మా వాణ్ణి నా చేతికిచ్చావు నాయనా" అనేది. స్కూలువాళ్లు ఇప్పుడు ప్రతి సెప్టెంబరులోనూ ఆ హెల్మెట్‌ను కాసేపు ఆవిడ ఒళ్లో పెట్టేవాళ్లు. ఆవిడ దానితో స్లోవాక్‌లో ఏవో కబుర్లు చెప్పేది. ఆవిడ వెళ్లాక ఎమెట్ ఆ పొట్లం నా బల్ల మీదికి తోసేవాడు. "నువ్వు పట్టుకుపో ఒపల్. నాకు పడదు." మొదటిసారి పట్టుకుపోయాను. ఇంటికెళ్లి విప్పి, ఒక్క ముక్క నోట్లో పెట్టుకుని, మింగలేక ఉమ్మేశాను. ఆ తర్వాత ఏ ఏడూ విప్పలేదు.

2016 ఆగస్టులో డ్వైట్ కొట్టుకు వచ్చాడు. టెటా గుండె ఇక ఎన్నాళ్లో ఆడదని డాక్టరు చెప్పాడట.

"ఆవిడ ఒకటే అడిగింది" అన్నాడు. "ఆ హెల్మెట్‌ను తన శవపేటికలో పెట్టమంది. తన చేతుల్లో. మా అన్నను మట్టిలో పెట్టడానికి మా అమ్మకు ఏమీ దొరకలేదు, నేనైనా వాణ్ణి తీసుకెళ్తాను అంది. స్కూలు బోర్డు వెంటనే ఒప్పుకుంది. అందుకే నీ దగ్గరికొచ్చాను. బీరువాలో ఖాళీ ఉండకూడదు కదా, దాని చోట నీ నకలు ఒకటి పెడతాం. మంచిది చూసి ఇవ్వు."

ఎమెట్ చేతిలో ఆరె ఉంది. దాన్ని బల్ల మీద పెట్టాడు. "చూస్తాను" అన్నాడు. డ్వైట్ భుజం తట్టి వెళ్లిపోయాడు.

వీధిలో ఏదో ట్రక్కు వెనక్కి వస్తూ కూతపెడుతోంది. అది ఆగాక ఎమెట్ అన్నాడు:

"ఒపల్, నీకొకటి చెప్పాలి."

"నాకు తెలుసు" అన్నాను.

"ఏం తెలుసు?"

"అది నా అస్తరు. ఆ రోజే చూశాను."

ఆయన నన్ను చూసిన చూపు నేను మరచిపోలేను. కోపం కాదు. ఆరేళ్లుగా ఒంటరిగా మోస్తున్నాననుకున్నవాడికి, పక్కనే ఒక మనిషి చూస్తూ ఊరుకుందని తెలిస్తే ఎలా ఉంటుందో అలా. తర్వాత జరిగిందంతా చెప్పాడు. మేడ మీద గదిలోంచి బిస్కట్ల డబ్బా తెచ్చాడు. మూత తీయలేదు.

"ఆవిడ ఆ అబద్ధాన్ని కౌగిలించుకుని మట్టిలోకి వెళ్తుంది ఒపల్. నావల్ల."

"ఇప్పుడు చెబితే ఆవిడ గుండె..."

"అదే నేనూ అనుకుంటూ వచ్చాను. ఆవిడ గుండె, ఆవిడ గుండె అని. అది ఆవిడ గుండె కోసం కాదు."

మర్నాడు మధ్యాహ్నం టెటా ఇంటికి వెళ్లాం. వంటింట్లో కిటికీ పక్కన కూర్చుని ఉంది, ఆగస్టు ఎండలో కూడా ఊలు శాలువాతో. ఎమెట్‌ను చూసి మొహం విప్పారింది. "రా రా. మోకాళ్లు తగ్గాయా? కాఫీ పెట్టమ్మా ఒపల్, డబ్బా ఎక్కడుందో నీకు తెలుసుగా."

నేను కాఫీ పెట్టలేదు. ఎమెట్ కూర్చోలేదు. నిలబడే మొత్తం చెప్పాడు. కెటిల్, ఆవిరి, అచ్చు, పొడి. దాచుకున్నదీ, తయారుచేసిందీ. ఎక్కడా సాకు చెప్పలేదు, తాత కుట్టు సంగతి కూడా ఎత్తలేదు. చెప్పి, డబ్బాను ఆవిడ ముందు బల్ల మీద పెట్టాడు.

టెటా డబ్బా వంక చూడలేదు. ఆయన్నే చూస్తోంది.

"వాసన వస్తోందన్నాను" అంది చివరికి. "ఊరందరి ముందూ అన్నాను. ఆ వాసన?"

"ఉప్పు నీళ్లు, టెటా. సైకిల్ గొలుసు జిడ్డు."

ఆవిడ చెంపలు మెల్లగా ఎర్రబడ్డాయి. ఆ ఎరుపు కోపమనుకున్నాను ముందు. కాదు. ఆవిడ సిగ్గుపడుతోంది. ఎనభయ్యారేళ్ల మనిషి, ఏ తప్పూ చేయని మనిషి, శాలువా మొహం మీదికి లాక్కుంది.

"దాన్ని ముద్దు పెట్టుకున్నాను. ఆరేళ్లు దానికి నా కష్టాలన్నీ చెప్పుకున్నాను. అమ్మ చివరి రోజుల్లో ఏమందో చెప్పాను. నన్నెంత వెర్రిదాన్ని చేశావురా ఎమెట్! నువ్వు అక్కడే నిలబడి చూశావు."

"చూశాను, టెటా."

"పగలగొట్టినందుకు నిన్నేమీ అనను. వస్తువు పగులుతుంది. ఆ రోజే వచ్చి చెబితే ఇద్దరం కూర్చుని ఏడ్చేవాళ్లం, అయిపోయేది." ఆగి ఊపిరి తీసుకుంది. హఠాత్తుగా నా వైపు తిరిగింది. "నీకు తెలుసా ఇది?"

నేను నోరు తెరిచాను. నాకంటే ముందు ఎమెట్ అన్నాడు:

"ఆమెకేం తెలీదు, టెటా. నిన్ననే చెప్పాను."

నేను నోరు మూసుకున్నాను.

టెటా డబ్బాను తన వైపు లాక్కుంది. "ఇది ఉంచి వెళ్లండి. స్కూలువాళ్లకు నువ్వే చెప్పాలి, నేను చెప్పను. నేను చెబితే ముసలిదానికి మతిపోయిందంటారు. అందరూ ఉన్నప్పుడు చెప్పు. నేను అందరూ ఉన్నప్పుడే కదా అన్నాను, వాసన వస్తోందని."

ఎమెట్ చెప్పాడు. సెప్టెంబరు మొదటి శనివారం పొద్దున పూర్వవిద్యార్థులు స్కూలు భోజనాల గదిలో పాన్‌కేక్‌లు తింటుండగా లేచి నిలబడ్డాడు. కాగితం మీద రాసుకొచ్చాడు గానీ, దాన్ని మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. చూడకుండానే చెప్పాడు. డ్వైట్ లేచి బయటికి వెళ్లిపోయాడు. తర్వాత ఎప్పుడూ ఎమెట్‌తో నేరుగా మాట్లాడలేదు. ఒక ముసలాయన "నీ తండ్రి తాగుబోతే గానీ దొంగ కాదు" అన్నాడు. ఎమెట్ దానికి తల ఊపాడు. మంగలి రాల్ఫ్ మాత్రం జాలిపడి, "పోనీలేవోయ్, చూడ్డానికి రెండూ ఒకటేగా" అన్నాడు. ఆ రోజు విన్న మాటలన్నిటిలోకీ అదే తనను ఎక్కువ పొడిచిందని ఎమెట్ తర్వాత నాతో అన్నాడు. తాను ఆరేళ్లు తనకు చెప్పుకున్న మాట అదేనట.

అక్టోబరులో ఒకరోజు టెటా కబురు పెట్టింది. ఎమెట్‌ను మాత్రమే రమ్మంది. ఆయన నన్ను కూడా రమ్మన్నాడు, ఒక్కడూ వెళ్లలేక. ఈసారి ఆవిడ మంచంలో ఉంది. మంచం మీద పెద్ద ట్రే, దాని మీద తెల్ల గుడ్డ, దాని మీద ఆ తోలు ముక్కలన్నీ గుట్టగా ఉన్నాయి.

"ఏది ఎక్కడిదో నాకు తెలియడం లేదు" అంది ముక్తసరిగా. "పేర్చు."

ఎమెట్ మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. అప్పుడే మొదటిసారి ఆ ముక్కల్ని చూశాడు. ఒక్కొక్కటీ రెండు వేళ్లతో ఎత్తి, హెల్మెట్‌ను విప్పి పరిచినట్టుగా గుడ్డ మీద పేర్చాడు. "ఇది నుదురు. ఇది నడినెత్తి. ఇవి పట్టీలు, తర్వాత కుట్టించినవి." ఆ పట్టీల మీద మైనం పట్టించిన దారంతో వేసిన దగ్గర దగ్గర కుట్లు ఉన్నాయి. ఆయన వాటి మీద వేలు ఒక్క క్షణం ఆపి, తీసేశాడు. ఎవరి కుట్టో ఆవిడకు చెప్పలేదు. "ఇది కుడి చెవి దొప్ప. ఇది ఎడమది."

ఎడమ చెవి దొప్పను టెటా ఆయన చేతిలోంచి తీసుకుంది. ముడుచుకున్నప్పుడు దాని లోపలి ఉన్ని ఊడిపోయింది. వెనకవైపు వేలితో తడిమింది. అద్దాలు ఇమ్మంది. పెట్టుకుని కిటికీ వెలుగుకు తిప్పి చూసింది.

అక్కడ వంకరగా ఇంగ్లీషు అక్షరం ఒకటి గీసి ఉంది, అల్బినా పేరులో మొదటిది. ఎ.

"మేకుతో గీశాను" అంది. "ఉన్ని కిందికి చెయ్యి దూర్చి గీశాను, ఎవరికీ కనపడకుండా. తర్వాత వాడికి దొరికిపోయాను. చెవి మెలిపెట్టాడు. అమ్మ కొనిచ్చిన కొత్త వస్తువు పాడుచేశానని. మళ్లీ వాడే నవ్వాడు. పోనీలే, పరుగెత్తేటప్పుడు నువ్వు నా చెవిలో ఉంటావు అన్నాడు." ఆ అక్షరాన్ని వేలితో దిద్దింది. "నేను పూర్తిగా మర్చిపోయాను. ఇన్నేళ్లూ మర్చిపోయాను."

ఎమెట్ తల వంచుకుని ఉన్నాడు. ఆయన కొలతల పుస్తకంలో పదకొండు పేజీలు ఉన్నాయి ఆ హెల్మెట్ గురించి. ఆ అక్షరం లేదు.

"నన్ను క్షమించు, టెటా" అన్నాడు.

ఆవిడ ముక్కల్ని ఒక్కొక్కటే తన పూల రుమాలులోకి ఏరుకుంటోంది. పొడిని కూడా అరచేత్తో కూడదీసింది. అంతా అయ్యాక అంది: "నాకిప్పుడు ఓపిక లేదు ఎమెట్. ఉన్న ఓపిక దీనికే సరిపోతుంది. ఇంక వెళ్లు."

నవంబరు పన్నెండున టెటా పోయింది. రుమాలు మూటను ఆవిడ చేతుల కింద పెట్టారు. ఎమెట్ చర్చిలో వెనక వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు. శవపేటిక మోయడానికి ఆరో మనిషి తగ్గినప్పుడు కూడా లేవలేదు. పిలవకుండా లేచే హక్కు తనకు లేదనుకున్నాడు, ఎవరూ పిలవలేదు. కొండ మీద లూడ్విక్ రాయి పక్కనే తవ్వారు. అందరూ దిగిపోయాక ఆయన అక్కడ కాసేపు నిలబడి వచ్చాడు.

స్కూలు గాజు బీరువాలో ఎమెట్ చేసిన ఆ హెల్మెట్‌నే ఉంచారు. డ్వైట్ తన చేత్తో కార్డు రాసి పెట్టాడు: 'నకలు. చేసినవాడు ఎమెట్ సాబో, 2010. అసలుది ఇతని చేతిలో నాశనమైంది.' ఆ చివరి వాక్యం తీసేయిద్దామని బోర్డులో ఒకరిద్దరు అన్నారు. ఎమెట్ వద్దన్నాడు. ఉండాల్సిందే అన్నాడు.

ఆయన ఇప్పటికీ మూడో వీధిలోనే ఉన్నాడు. పని తగ్గింది, ఆగిపోలేదు. దూరపు ఊళ్లవాళ్లు ఇంకా రాస్తారు. శుక్రవారాలు చర్చికి వెళ్తాడు. కొందరు పలకరిస్తారు, కొందరు పలకరించరు, ఆయన ఇద్దరికీ టోపీ తీస్తాడు.

ఇదంతా ఎమెట్ గురించి రాశాను. ఊరు ఆయన్నే దోషిగా చూసింది కాబట్టి, ఆయన దాన్ని మోశాడు కాబట్టి. కానీ ఆ ఆగస్టు మధ్యాహ్నం టెటా నన్ను అడిగిన ప్రశ్నకు జవాబు నేను ఇవ్వలేదు. ఆ తర్వాత దాదాపు మూడు నెలలు ఆవిడ బతికే ఉంది. అక్టోబరులో మంచం పక్కన నేనూ నిలబడే ఉన్నాను. ఆవిడ ఒకసారి నా వైపు చూసి, "నీకైనా తెలియనందుకు సంతోషం, అమ్మాయీ" అంది. నేను ఆవిడ దిండు సర్దాను.

ఈ సంగతి ఊళ్లో చెప్పేస్తానని పోయిన నెల ఎమెట్‌తో అన్నాను. ఆయన కుట్టు ఆపకుండానే, "ఎందుకిప్పుడు? వినాల్సినావిడ లేదుగా" అన్నాడు.

అవును, ఆవిడ లేదు. అయినా రాస్తున్నాను. నాకు తెలుసు, టెటా. మొదటి రోజు నుంచీ తెలుసు.